నిర్మమకార ధ్రువపత్రం

మా పురపాలక సంఘం వారు పడమటి కాలువ గట్టు మీది డంపింగ్ యార్డులోకి ప్రజలకు ప్రవేశ హక్కు ప్రసాదించిన శుభదినం శ్రావణ శుద్ధ దశమి. ఆనాటి నుండి ఏదైనా ఏరి తెచ్చుకోవడానికి ఆ యార్డులో ప్రజలెవరూ కాలు పెట్టలేదు. అంతకుముందు, ఏ హక్కూ లేని రోజులలో మాత్రం, ఎవరికి తోచినప్పుడు వారు వెళ్ళి వస్తూ ఉండేవారు. ఈ రెండు సంగతులకు నడుమ గల సంబంధాన్ని చెప్పడమే నా ఉద్దేశం. జరిగినదానిలో నా పాలు కూడా కొంత ఉన్నది గనుక, మెప్పు గాని నింద గాని వస్తే అందులో నా వాటా నేను కాదనను.

హక్కులు లేని కాలంలో పద్ధతి ఇలా ఉండేది. బస్టాండు వెనుక వీధిలో మస్తాన్ వలీ అనే మెకానిక్ ఉన్నాడు. ఫ్యాన్లు, మిక్సీలు, కుట్టుమిషన్లు, కిరోసిన్ స్టవ్వులు, చివరకు గుడిలో హారతి గంట మోగించే మోటారు దాకా, ఆగిపోయినది ఏదైనా అతని చేతిలో పడితే మళ్ళీ తిరుగుతుంది. ప్రతి మంగళవారం ఉదయం సైకిలుకు గోనెసంచి కట్టుకుని యార్డుకు వెళ్ళేవాడు. అక్కడి సూపర్‌వైజరు భీమలింగం టార్పాలిన్ పరదా కింద కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఏం కావాలని అతడు అడిగేవాడు. ఫలానా స్ప్రింగు, ఫలానా మూత అని ఇతడు చెప్పేవాడు. ఇద్దరూ కలిసి వెదికేవారు. దొరికితే సంచిలో పడేది. దొరకకపోతే వచ్చే మంగళవారం మళ్ళీ చూసేవారు. ఇందులో కాగితం అన్నది ఏదైనా ఉంటే అది భీమలింగం పకోడీలు కట్టించుకు వచ్చిన పొట్లం మాత్రమే.

ఇంతలో మా కమిషనరు కమలాకరరావుగారు పునర్వినియోగం అన్న విషయం మీద ఎక్కడో జరిగిన మూడు రోజుల సదస్సుకు వెళ్ళి వచ్చారు. ఆయన చెడ్డవారు కారు. లంచం ముట్టరు, ఎవరినీ కసరరు. ఏకాదశినాడు ఫలాహారం మాత్రమే తీసుకుంటారు. ఆయనకున్న లోపమల్లా ఒకటే. మంచిపని ఏదైనా నియమం లేకుండా జరిగిపోతున్నదంటే ఆయనకు నిద్ర పట్టదు.

నేను అప్పట్లో వేణుగోపాలస్వామివారి ఆలయ మండపంలో సాయంకాలాలు భాగవతం చెబుతుండేవాడిని. ఒకనాడు పురాణం ముగిశాక ఆయన వచ్చి నా ఎదుట చాప మీద కూర్చున్నారు.

"గురువుగారూ, పారేసిన వస్తువులను ప్రజలు తీసుకుని బాగుచేసుకోవడం ఉత్తమమైన విషయం. దానికి హక్కుగా రూపం ఇవ్వాలని సంకల్పించాము. అయితే ఒక సందేహం ఉత్పన్నమైంది. ఆ వస్తువు నిజంగా పారేసినదేనని ప్రభుత్వానికి ఎలా తెలియాలి? పోగొట్టుకున్నది కావచ్చు. మరిచిపోయినది కావచ్చు. కోపంలో విసిరినది కావచ్చు" అన్నారు.

ప్రశ్న సహేతుకంగానే తోచింది. పైగా పురాణం చెప్పి లేచిన నోరు ఒక పట్టాన ఆగదు. త్యాగమంటే వస్తువును వదలడం కాదనీ, నాది అన్న భావాన్ని వదలడమనీ, హోమంలో నెయ్యి పోసినంత మాత్రాన చాలదనీ, 'ఇది నాది కాదు' అని యజమాని నోరు తెరిచి అనాలనీ, అప్పుడే అది దేవతలకు చెందుతుందనీ ఆయనకు విన్నవించాను. ఆయన ఆత్మోన్నతి కోసం చెప్పిన మాటలవి. ఆయన జేబులోంచి కలం తీసి రాసుకోవడం మొదలుపెట్టారు. అప్పుడైనా నేను ఆగవలసింది. ఆగకపోగా, మమకారం లేశమాత్రం మిగిలినా త్యాగం సిద్ధించదని కూడా అన్నాను.

పది రోజులలో నియమావళి వచ్చింది. డంపింగ్ యార్డు పేరు 'పరిత్యక్త వస్తు పునరుజ్జీవన ప్రాంగణం'గా మారింది. దాని మీద 'పరిత్యాగ నిర్ధారణ సంఘం' ఏర్పడింది. నన్ను గౌరవ సభ్యుడిగా వేసి, నా పేరుకు ముందు ధర్మనిర్ణేత అన్న బిరుదు చేర్చారు. నియమావళి సారం ఇది. ఇకపై పట్టణంలో ఎవరు ఏ వస్తువు పారవేసినా, దానిపై తమకు మమకారం లేదని మూడు ప్రతులలో ధ్రువపత్రం సమర్పించాలి. అధికారి విచారించి సంతృప్తి చెందాలి. ఆ తరువాతనే వస్తువు పరిత్యక్తమవుతుంది. పరిత్యక్తమైన వస్తువును మాత్రమే ప్రజలు హక్కుగా స్వీకరించవచ్చు.

విచారణ బాధ్యత భీమలింగం మీద పడింది. పాపం, చెత్త తూచడమే గాని మనసులు తూచడం అతడు ఎన్నడూ ఎరుగడు. అయినా శ్రద్ధగా చేశాడు. మొదటివారంలోనే రామాలయం వీధి నుంచి ఒక వృద్ధురాలు పగిలిన రుబ్బురోలును రిక్షాలో వేసుకుని వచ్చింది. దీనిపై మీకు మమకారం ఉన్నదా అని అడిగితే, లేదు నాయనా అన్నది. పెళ్ళయిన కొత్తల్లో అత్తగారు కొన్న రోలనీ, దానిలో ఎన్ని గారెల పిండ్లు రుబ్బానో లెక్క లేదనీ చెబుతూ చెబుతూ కొంగుతో కళ్ళు ఒత్తుకున్నది. భీమలింగం పత్రం మీద 'మమకారం మిగిలి ఉన్నది' అని రాసి, రోలునూ ఆమెనూ అదే రిక్షాలో వెనక్కి పంపాడు. విశ్రాంత ఓవర్సీరు ఒకాయన పాత రేడియో తెచ్చి, నిశ్చలంగా సంతకం చేసి వెళ్ళాడు. ఆయన గేటు దాటుతూ ఒక్కసారి వెనుదిరిగి చూశాడు. ఆ సంగతి కూడా పత్రంలో నమోదైంది. రేడియోను 'సందిగ్ధ మమకారం' అన్న అరలో పెట్టి, ఆయనకు మూడు నెలల గడువు ఇచ్చారు.

అప్పటికే యార్డులో కొండలా పడి ఉన్న పాత వస్తువుల యజమానులు ఎవరో తెలియదు. వాటికి కూడా సంఘం మార్గం కనిపెట్టింది. ప్రతి వస్తువు మీదా ఒక నోటీసు అంటించారు. దీని యజమాని ముప్పది దినములలోగా స్వయంగా హాజరై ఇది తనది కాదని చెప్పవలెను అని. తమది కాని వారు వచ్చి కాదని చెప్పవచ్చునా అని సమావేశంలో ఒక సభ్యుడు అడిగాడు. అలా అయితే పట్టణమంతా అర్హులవుతారనీ, తమది అయినవారు వచ్చి కాదన్నప్పుడే దానికి విలువ ఉంటుందనీ కమిషనరుగారు ఓపికగా వివరించారు. ముప్పది దినాలలో ఎవరూ రాలేదు. వానకు నోటీసులు తడిసి రాలిపోయాయి. మళ్ళీ అంటించారు.

ఈ స్థితిలో కనకరత్నం బండి చక్రం వంగిపోయింది.

కనకరత్నం మా గుడి ముందు పూలు అమ్ముతుంది. యాభై ఏళ్ళు పైబడ్డ మనిషి. పసితనంలో వచ్చిన జ్వరానికి కాళ్ళు రెండూ చచ్చుబడ్డాయి. చేతితో తిప్పే మూడు చక్రాల బండి మీద ఇరవై రెండేళ్ళుగా వస్తున్నది. స్వామివారి సాయంకాలపు దండ ఆమె చేతిది. ఒడిలో అరటినార పెట్టుకుని, బండి మీద కూర్చునే కట్టేది. ఆ బండి ఆమెకు కాళ్ళు, కొట్టు, కుర్చీ. కూరగాయల మార్కెట్టు దగ్గర ఒక వ్యాను చూసుకోకుండా వెనక్కి రావడంతో ఎడమచక్రం చుట్టుకుపోయి, ఇరుసు విరిగింది. దెబ్బలు తగలకపోవడం స్వామి దయ. కాని ఆ రోజు నుంచి ఆమె ఇంటి వసారాలో ఉండిపోయింది. ఎవరో ఒకరు ఎత్తుకుని గుడికి తెస్తామని ఎందరో అన్నారు. ఆమె ఒప్పుకోలేదు.

"నా బరువు ఇన్నేళ్ళూ ఎవరి మీదా పెట్టలా. ఇప్పుడు పెట్టను" అన్నదట.

ఆలయ కార్యనిర్వహణాధికారి పది రోజులు చూశాడు. దండ ఆగకూడదు కదా. కార్తీక శుద్ధ పాడ్యమి లోపల రత్నమ్మ రాకపోతే దండ కైంకర్యమూ, ద్వారం పక్కన ఆమె కూర్చునే చోటూ వేరొకరికి ఇవ్వవలసి వస్తుందని కబురు చేశాడు. అప్పటికి ఇరవై ఆరు రోజులు ఉన్నాయి.

మస్తాన్ వలీ బండిని చూశాడు. ఆ బండి చేసిన కంపెనీ మూతపడి పదేళ్ళయింది. ఆ కొలత చక్రం గాని, ఆ మరచుట్టు ఇరుసు గాని బజారులో లేవు. అయితే అచ్చంగా అలాంటి బండే ఒకటి యార్డులో ఆగ్నేయమూల బోర్లాపడి ఉన్నదనీ, దాని సీటు చిరిగింది గాని చక్రాలు దివ్యంగా ఉన్నాయనీ అతనికి తెలుసు. ఆ మంగళవారం సైకిలు వేసుకుని వెళ్ళాడు. గేటు దగ్గర భీమలింగం తల వంచుకుని నిలబడ్డాడు. తరువాత ఆ సంభాషణ మస్తానే నాకు చెప్పాడు.

"ఒక్క చక్రం భీమలింగం అన్నా. ఒక ఇరుసు. నీకు తెలుసు కదా రత్నమ్మక్క సంగతి."

"తెల్సు సాయిబూ. కానీ ఇప్పుడు నీకు హక్కొచ్చింది గదా. హక్కున్నోణ్ణి ఊరికే ఎట్టా పంపేది? దరఖాస్తు పెట్టుకో."

"హక్కు లేనప్పుడే బాగుండేదన్నా మనకి."

"నా మనసులో మాటే అన్నావు. కానీ బయట అనబాక. ఈమధ్య మనసులో మాటలు రాసుకునే పని కూడా నాకే పెట్టారు."

దరఖాస్తు నేనే రాశాను. కమిషనరుగారి కార్యాలయానికి నేనే తీసుకువెళ్ళాను. ఆయన ఎంతో సంతోషించారు. పథకం కింద వచ్చిన మొట్టమొదటి దరఖాస్తు అది. వెంటనే ఆ బండి పూర్వయజమాని ఎవరో విచారించమన్నారు. విచారించగా ఆ యజమాని స్వయంగా పురపాలక సంఘమేనని తేలింది. ఏదో వికలాంగుల శిబిరంలో పంచగా మిగిలిన బండి అది. కార్యాలయంలో కొన్నేళ్ళు ఫైళ్ళు మోయడానికి వాడి, రెండేళ్ళ కిందట యార్డుకు తోలారు. కాబట్టి ఇది నాది కాదు అని పురపాలక సంఘమే ధ్రువపత్రం ఇవ్వాలి.

ఇంతకంటె సులువైన పని లేదని నాకు అనిపించింది. నలభై ఏళ్ళుగా ఏ పని మీద ఆ కార్యాలయానికి వెళ్ళినా, ఏ బల్ల దగ్గర నిలబడినా, నాకు వినిపించిన మొదటి మాట 'ఇది మాది కాదండీ' అన్నదే. అంతటి నిర్మమకారం సన్న్యాసాశ్రమాలలో కూడా నేను చూడలేదు. కాని నోటితో అనడం వేరు, సంతకం చేయడం వేరని ఆనాడు గ్రహించాను. ఇంజనీరింగు విభాగం వారు ఫైలును కళ్ళకద్దుకుని పారిశుద్ధ్యం వారికి పంపారు. వారు రెవెన్యూకు పంపారు. రెవెన్యూవారు పట్టణ ప్రణాళికకు పంపారు. ఎనిమిది విభాగాలూ తిరిగి పన్నెండు రోజులకు ఫైలు మళ్ళీ మొదటి బల్ల మీదకే చేరింది. ఒక గుమాస్తా నా మీద గౌరవంతో లోపలి మర్మం విప్పి చెప్పాడు.

"నాది కాదని ఎవరు సంతకం పెడితే, ఒకప్పుడు తనదేనని ఒప్పుకున్నట్టే కదండీ మేష్టారూ. బండి చూస్తే బాగానే ఉంది. బాగున్న బండిని ఎందుకు పారేశావని రేపు ఆడిట్లో అడిగితే ఎవరు చెప్పుకుంటారు?"

ఈలోగా సంఘం మరొకసారి సమావేశమైంది. ఇచ్చేవాడికి మమకారం ఉండరాదని నియమించాము. మరి పుచ్చుకునేవాడికి ఆశ ఉండవచ్చునా అని కమిషనరుగారు ప్రశ్నించారు. ఒకవైపు వైరాగ్యం, మరొకవైపు ఆశ ఉంటే పథకంలో సమతౌల్యం లోపిస్తుందన్నారు. ఆశతో వచ్చినవాడు వస్తువును అమ్ముకోడని నమ్మకమేమిటన్నారు. నిష్కామంగా స్వీకరించేవారికే వస్తువు దక్కాలన్నారు. నా వంక చూశారు. నేను ఉత్తరీయం సర్దుకున్నాను. 'ధర్మనిర్ణేతగారితో సహా సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించిరి' అని మినిట్సులో రాశారు.

ఆ కొత్త నియమం ప్రకారం కనకరత్నాన్ని విచారించడానికి కమిషనరుగారు, భీమలింగం, నేను ఆమె ఇంటికి వెళ్ళాము. వసారాలో చాప మీద కూర్చుని ఉన్నది. పక్కనే విరిగిన బండి గోడకు ఆనించి ఉన్నది. ఆమె చేతులు ఊరికే ఉండలేక పాత చీర అంచును దండలా అల్లుతున్నాయి.

"అమ్మా, సదరు బండి మీకు కావాలని ఉన్నదా?" అని కమిషనరుగారు మర్యాదగా అడిగారు.

"కావాలని లేకపోతే దరఖాస్తు ఎందుకు పెడతాను బాబూ?"

"అంటే దాని మీద మీకు ఆశ ఉన్నట్టేనా?"

"ఆశ కాకపోతే ఏవుంటది? పొద్దున లేస్తే అదే ధ్యాస."

కమిషనరుగారి ముఖంలో నిజమైన విచారం కనిపించింది. భీమలింగం 'అభ్యర్థి ఆశాగ్రస్తురాలు' అని రాశాడు. ఆశ తగ్గిన పిమ్మట తిరిగి దరఖాస్తు చేసుకోవచ్చునని ఆమెకు తెలియజేశారు. వారు వీధిలోకి నడిచాక నేను కొంచెం వెనుకబడ్డాను. ఆమె నన్ను పిలిచింది.

"పంతులుగారూ, ఆశ వదులుకోవాలని మీరు పురాణంలో చెబుతుంటే గుడి బయట కూర్చుని రోజూ వినేదాన్ని. బంగారం మీద ఆశ, పొలం మీద ఆశ అనుకున్నా. చక్రం మీద కూడానా అండీ?"

ఆ సాయంకాలం భాగవతం చెప్పలేకపోయాను. గొంతు బాగులేదని అందరితో అన్నాను.

పాడ్యమికి ఇంకా ఆరు రోజులు ఉన్నాయనగా జిల్లా కార్యాలయం నుంచి ఒక స్పష్టీకరణ వచ్చింది. యజమాని మమకారం వదలుకోని వస్తువు పరిత్యక్తం కాదు. పరిత్యక్తం కాని వస్తువు ప్రాంగణంలో ఉండరాదు. కావున అట్టివాటిని యజమానికి సగౌరవంగా అప్పగించవలెను. ఈ ప్రకారం బండిని ట్రాక్టరు మీద ఎక్కించి, తాళ్ళతో కట్టి, భీమలింగాన్ని కాపలా కూర్చోబెట్టి పురపాలక కార్యాలయానికి తరలించారు. స్వామివారి వాహనసేవ తప్ప మా వీధులలో అంత నెమ్మదిగా, అంత జాగ్రత్తగా మరొక ఊరేగింపు వెళ్ళడం నేను చూడలేదు. కార్యాలయం వరండాలో కమిషనరుగారి గది పక్కనే దానిని నిలిపారు.

మర్నాడే జిల్లా నుంచి వస్తువుల తనిఖీకి మనిషి వస్తున్నాడని కబురు. కమిషనరుగారు స్టాకు రిజిస్టరు తెప్పించి చూసి, నన్ను పిలిపించారు. నేను వెళ్ళేసరికి ఆయన వరండాలో బండిని ముందుకూ వెనక్కూ తోస్తూ, అది కదిలిన ప్రతిసారీ నిట్టూరుస్తున్నారు.

రెండేళ్ళ కిందట ఆ బండిని వరండాలోంచి వదిలించుకోవడానికి ఎవరో రిజిస్టరులో 'ఎడమచక్రము వంగినది, ఇరుసు విరిగినది, కదలదు' అని రాశారు. బండి చూడబోతే నున్నగా కదులుతున్నది. రిజిస్టరులో కొట్టివేత చేయాలంటే రాజధాని నుంచి అనుమతి రావాలి. అనుమతి కోరాలంటే తప్పు ఎందుకు రాశారో సంజాయిషీ ఇవ్వాలి. రాసినవాడు బదిలీ అయిపోయాడు. ఉన్నది కమిషనరుగారే.

"గురువుగారూ, రిజిస్టరు ఒకటి చెబుతున్నది, వస్తువు మరొకటి చెబుతున్నది. ఇటువంటి ధర్మసంకటం శాస్త్రంలో ఎక్కడైనా ఉన్నదా?"

ఆయనకు నేను చేసిన రెండవ ఉపదేశం ఇది. మొదటిది నాకు తెలియకుండా జరిగింది. ఇది తెలిసే చేశాను. తపస్సంపన్నుల నోట ఒకసారి మాట వెలువడితే అది వెనక్కి పోదనీ, ఆ మాటకు తగినట్టుగా లోకమే మారవలసి వచ్చేదనీ పురాణాలలో ఉన్నదని చెప్పాను. కొండ అవుతావంటే మనిషి కొండ అయ్యేవాడు, రాయి అవుతావంటే రాయి అయ్యేవాడు. వాక్కును దిద్దడానికి వీలులేనప్పుడు మిగిలిన మార్గం ఒకటేనన్నాను.

ఆయన కళ్ళు మెరిశాయి.

"అంటే వస్తువును రిజిస్టరుకు అనుగుణంగా సవరించాలంటారు."

"నేను అనడం కాదు. రిజిస్టరే అంటున్నది."

"చెడగొట్టడం అవుతుందేమో?"

"రికార్డుతో సమన్వయం అనండి" అన్నాను. ఆ మాట ఆయనకు ఎంతో నచ్చింది.

వెంటనే మస్తాన్ వలీని పిలిపించి, వర్కు ఆర్డరు చేతికిచ్చారు. అందులో ఉన్న వాక్యాన్ని నేను స్వయంగా చదివాను. 'బండియందుగల మంచి చక్రమును, ఇరుసును తొలగించి, తత్స్థానమున వంగిన చక్రమును, విరిగిన ఇరుసును నాణ్యమైనవి అమర్చవలెను.' మస్తాన్ దానిని రెండుసార్లు చదివాడు. తల గోక్కున్నాడు. నా వంక ఒకసారి చూశాడు. నేను వరండా దూలం వంక చూస్తున్నాను.

"ఈ కంపెనీది వంగిన చక్రం దొరకడం కష్టం సార్" అన్నాడు నెమ్మదిగా. "అందులోనూ ఎడమది."

"ఎక్కడైనా ప్రయత్నించాలయ్యా. చాలా అత్యవసరం."

"ఒకచోట ఉన్నట్టు గుర్తు సార్. ఇస్తారో ఇవ్వరో అడిగి చూస్తాను. మరి ఇందులోంచి తీసిన మంచి చక్రం ఏం చెయ్యమంటారు? మా పనిలో, తీసిన పార్టు మెకానిక్‌దే సార్. ఎవరైనా కావాలంటే కాగితంలో చుట్టి ఇచ్చేస్తాం."

కమిషనరుగారు ఉలిక్కిపడ్డారు. రిజిస్టరులో లేని మంచి చక్రం ఒకటి కార్యాలయంలో బయటపడితే దానికి లెక్క చెప్పడం ఎలా? "ఒక్క నిమిషం కూడా ఇక్కడ ఉండడానికి వీల్లేదు. వెంటనే నీతో తీసుకువెళ్ళు. ఎక్కడికి తీసుకువెళ్ళావో కూడా మాకు చెప్పనక్కరలేదు" అన్నారు.

మస్తాన్ ఆ మాటను తన శక్తి మేరకు పాటించాడు. గంటలో వంగిన చక్రంతో, విరిగిన ఇరుసుతో తిరిగివచ్చి, వరండాలో గొంతుక్కూర్చుని పని ముగించాడు. కమిషనరుగారు బండిని తోసి చూశారు. కదలలేదు. ఇంకా గట్టిగా తోశారు. కుయ్యిమని ఒక పక్కకు ఒరిగింది. చాలాకాలం తరువాత ఆయన ముఖంలో ప్రశాంతత చూశాను. కాసేపు ఆ చక్రాన్నే పరికించి, "ఎక్కడో చూసినట్టున్నదే" అన్నారు. "చూసే ఉంటారు" అన్నాను. తనిఖీకి వచ్చినతను కూడా తోసి చూసి, ఇంత యథార్థంగా ఉన్న రిజిస్టరు జిల్లాలో మరొకటి లేదని ప్రశంసాపత్రం రాసి వెళ్ళాడు.

బండి నిజంగా పనికిరానిదైన ఆ క్షణం నుంచి దానిపై మమకారం ఉన్నవారు ఎవరూ మిగలలేదు. ఎనిమిది విభాగాల వారూ ఒక్క పూటలో సంతకాలు చేశారు. ఇంజనీరింగు వారు రెండుసార్లు చేశారు. మూడు ప్రతులలో, ఏ సందిగ్ధమూ లేకుండా, పథకం కింద సంపూర్ణంగా పరిత్యక్తమైన తొలి వస్తువు అదే అయింది. ఇక దానిని స్వీకరించడానికి ఆశ లేని మనిషి ఒకరు కావాలి.

కార్తీక శుద్ధ పాడ్యమి సాయంకాలం. గుడికి వెళ్ళే దారి పురపాలక కార్యాలయం ముందునుంచే పోతుంది. నేను పురాణానికి బయలుదేరుతుండగా కమిషనరుగారు మెట్ల మీద నిలబడి, నిష్కాములు దొరకడం ఎంత దుర్లభమో నాతో చెప్పుకుంటున్నారు. అంతలో కనకరత్నం వచ్చింది. ఒడి నిండా చామంతులు, మరువం. బండి నున్నగా, చప్పుడు లేకుండా వస్తున్నది. కమిషనరుగారు ఆమెను ఆపి క్షేమం అడిగారు. సొంత బండి బాగుపడినందుకు హర్షం వెలిబుచ్చారు. తరువాత ఒక ఆలోచన ఆయన ముఖం మీద మెల్లగా వెలిగింది.

"అమ్మా, మీరు దరఖాస్తు పెట్టిన బండి ఉన్నది. అదిగో, వరండాలో. ఇప్పుడు దాని మీద మీకు ఆశ ఉన్నదా?"

ఆమె వరండా వైపు చూసింది. ఆ వంగిన ఎడమచక్రాన్ని ఆమె గుర్తుపట్టకుండా ఉంటుందా? ఇరవై రెండేళ్ళు తిప్పిన చక్రం. పెదవి చివర కదిలిన నవ్వును చెంగుతో తుడుచుకున్నది.

"లేదు బాబూ. ఇసుమంత కూడా లేదు."

కమిషనరుగారు పరుగున లోపలికి వెళ్ళి పత్రం తెచ్చారు. ఈ వస్తువుపై నాకు ఎట్టి ఆశయు లేదని దైవసాక్షిగా ధ్రువీకరించుచున్నాను అన్న వాక్యాన్ని నేనే ఆమెకు చదివి వినిపించాను. ఆ ఏడాది ఆ కార్యాలయంలో పుట్టిన కాగితాలలో అక్షరాలా సత్యమైనది అదొక్కటేనని నా నమ్మకం. ఆమె పూలు పక్కకు జరిపి, మోకాలి మీద పత్రం పెట్టుకుని సంతకం చేసింది. కమిషనరుగారు ఆమెకు నమస్కరించారు. పథకానికి ఇటువంటి లబ్ధిదారు దొరకడం పట్టణం చేసుకున్న అదృష్టమన్నారు. బండిని ఎప్పుడు తీసుకువెళతారని అడిగారు.

"మీరు జాగ్రత్తగా ఉంచండి బాబూ. దాని మీద ఆశ పుట్టిన రోజున వచ్చి తీసుకెళతాను" అని, దండకు వేళవుతున్నదని ఆమె చేతిపిడి తిప్పింది.

కమిషనరుగారు సరేనని తల ఊపారు. ఊపుతూ ఊపుతూ మధ్యలో ఆగి ఏదో ఆలోచించారు. అప్పటికి ఆమె బండి గుడి మలుపు తిరిగింది.